డయాలసిస్ మీద ఎక్కించగానే వణుకు: మెడలో పైపును అనుమానించాలా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరు. నాలుగు నెలల నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. మెడలో కుడివైపు పర్మ్‌క్యాత్ (డయాలసిస్ కోసం ఎక్కువ కాలం ఉంచే పైపు) ఉంది. పది రోజులుగా మిషన్ మీద ఎక్కించిన ముప్పావు గంటకల్లా చలి మొదలై, పళ్లు కొట్టుకునేంత వణుకు వస్తోంది. సెంటర్‌లో ఏవో ఇంజెక్షన్లు చేసి దుప్పటి కప్పుతారు, తగ్గిపోతుంది. ఇంటికొచ్చాక నీరసం తప్ప మామూలుగానే ఉంటున్నారు. పైపు చుట్టూ ఎరుపు లేదు, చీము లేదు. డ్రెస్సింగ్ మార్చే అబ్బాయి ‘సైట్ నీట్‌గా ఉంది, ఇన్ఫెక్షన్ కాదు’ అన్నాడు. మా వీధిలో డాక్టరుగారు ఐదు రోజులకు యాంటీబయాటిక్ బిళ్లలు రాశారు. వాడినన్నాళ్లూ కాస్త తగ్గి మళ్లీ మొదలైంది. పైపు తీసేసి కొత్తది వేయాలని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. కొత్త పైపంటే మళ్లీ అంత ఖర్చు. పోనీ ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఆపరేషన్) అంటే, చేయి పడిపోతుందని నాన్న భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక కూతురు, ఉప్పల్

జవాబు: అమ్మా, ముందు అన్నిటికంటే అవసరమైన మాట చెబుతాను. మీరు రాసిన లక్షణాలు చూస్తే, నాన్నగారి రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. కాదని పరీక్షలో తేలేదాకా అలాగే అనుకోవాలి. వచ్చే సెషన్ దాకా చూద్దాం అనుకోకండి. ఇది చదివిన రోజే ఆయన్ను నెఫ్రాలజీ (కిడ్నీ) విభాగం, కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) చేసే ల్యాబ్ రెండూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు మామూలుగా చూపించుకునే కిడ్నీ డాక్టరు అందుబాటులో ఉంటే అక్కడికే వెళ్లండి. లేకపోతే గాంధీ, ఉస్మానియా, నిమ్స్ మూడింటిలోనూ నెఫ్రాలజీ విభాగాలున్నాయి, అత్యవసర సేవలూ ఉన్నాయి. వెళ్లగానే ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పండి: ‘నాన్నకు మెడలో డయాలసిస్ పైపు ఉంది, మిషన్ మీద వణుకు వస్తోంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ తీయండి.’

దారిలో గానీ ఇంట్లో గానీ బీపీ బాగా పడిపోవడం, మాట తడబడటం, మగతగా ఉండటం, ఆయాసం, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. థర్మామీటరు 100 దాటలేదు కదా అని ధైర్యపడొద్దు. కిడ్నీలు పనిచేయనివాళ్లలో ఒళ్లు మామూలుగానే కొంచెం చల్లగా ఉంటుంది. పైగా షుగరు, వయసు. రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకినా జ్వరం రానివాళ్లున్నారు. వణుకు ఒక్కటే వచ్చినా, ఉన్నట్టుండి బీపీ పడిపోవడం ఒక్కటే కనిపించినా మెడలో పైపున్న మనిషిలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు ‘సైట్ నీట్‌గా ఉంది’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, ఉన్నదే చెప్పాడు. కానీ అందులోంచి తీసిన ముగింపే తప్పు. డయాలసిస్ పైపుకు ఇన్ఫెక్షన్ మూడు చోట్ల రావచ్చు. పైపు చర్మంలోంచి బయటికొచ్చే రంధ్రం దగ్గర వస్తే ఎరుపు, చెక్కు కట్టడం, చీము కనిపిస్తాయి. అక్కడి నుంచి నరంలోకి వెళ్లేదాకా పర్మ్‌క్యాత్ కొంత దూరం చర్మం కింద సొరంగంలా నడుస్తుంది. ఆ దారిలో వస్తే పైన తాకితే నొప్పి, గట్టిదనం, వేడి తెలుస్తాయి. మూడోది పైపు లోపలి గోడకు పట్టేది. అది నేరుగా రక్తంలోకే పోతుంది. బయట చర్మం శుభ్రంగా, పొడిగా, చూడముచ్చటగా ఉన్నా లోపల అది ఉండొచ్చు. నిజానికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిన రోగుల్లో చాలామందికి పైన ఏమీ కనిపించదు. కాబట్టి పైన చీముంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే గానీ, చీము లేనంత మాత్రాన లేనట్టు కాదు.

మరి ఇంట్లో బాగానే ఉండి మిషన్ మీదే వణుకు ఎందుకొస్తోంది? నీళ్ల తొట్టి గోడకు పాచి పట్టినట్టు సూక్ష్మజీవులు పైపు లోపలి గోడను అంటుకుని, తమ చుట్టూ జిగట పొర కట్టుకుంటాయి. సెషన్‌కూ సెషన్‌కూ మధ్య పైపు నిండా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ లాంటి మందు నింపి మూతలు బిగించి ఉంచుతారు కదా, ఆ రెండు రోజులూ అవి అక్కడే కదలకుండా పెరుగుతాయి. మిషన్ మొదలయ్యాక నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల రక్తం ఆ పైపులోంచి పరుగెడుతుంది. పొరలోంచి ఊడిన సూక్ష్మజీవులు, వాటి విషపదార్థాలు ఒక్కసారిగా గుండెలోకి, అక్కడి నుంచి ఒళ్లంతా పాకుతాయి. అరగంటకో గంటకో ఒళ్లు ఆ దాడిని గుర్తుపట్టి వణుకుతుంది. మిషన్ ఆగాక దాడి ఆగుతుంది, మనిషి తేరుకుంటాడు. ఇంటికొచ్చాక బాగుండటం ఈ జబ్బు ఆనవాళ్లలో ఒకటి, అది చూసి నిశ్చింతగా ఉండకూడదు.

సెంటర్‌లో ఇస్తున్న ఇంజెక్షన్ల గురించి గట్టిగానే చెప్పాలనిపిస్తోంది. మామూలుగా ఇలాంటప్పుడు ఇచ్చేవి ఎవిల్, హైడ్రోకార్టిసోన్, పారాసెటమాల్. వణుకును ఆపడానికి అవి పనికొస్తాయి, రోగికి ఆ క్షణంలో ఉపశమనం కావాలి కూడా. కానీ వాటిలో ఏదీ సూక్ష్మజీవిని చంపదు. హైడ్రోకార్టిసోన్ స్టెరాయిడ్, అది జ్వరాన్ని కప్పేస్తుంది, షుగరును పెంచుతుంది. ఒకసారి వణుకు వచ్చినప్పుడు కల్చర్ తీసి, డాక్టరుకు ఫోన్ చేసి, ఆ తర్వాత ఈ ఇంజెక్షన్ ఇస్తే తప్పు పట్టను. కల్చర్ తీయకుండా పది రోజులపాటు వణుకును మాత్రమే అణచిపెట్టడం రోగికి చాలా ప్రమాదం. ఆ పది రోజుల్లో సూక్ష్మజీవులు గుండె కవాటాల మీద, వెన్నుపూసల్లో, కీళ్లలో స్థిరపడటానికి వ్యవధి దొరుకుతుంది.

బిళ్లల సంగతీ ఇంతే. నోటితో వేసుకునే యాంటీబయాటిక్ రక్తంలో తిరుగుతున్న కొన్నిటిని చంపి ఉండొచ్చు, అందుకే కాస్త తగ్గినట్టు అనిపించింది. పైపు లోపల జిగట పొరలో దాక్కున్నవాటిని అది తాకలేదు. మందు ఆపగానే మళ్లీ మొదలవడం కూడా పైపునే వేలెత్తి చూపిస్తోంది. ఇంకో నష్టమేమిటంటే, యాంటీబయాటిక్ ఒంట్లో ఉండగా కల్చర్ తీస్తే ఇన్ఫెక్షన్ ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. ఆ బిళ్లల పేరు, ఎప్పుడు ఆపారన్నది కాగితం మీద రాసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

కల్చర్ ఎలా తీయాలో మీకు కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే వైద్యమంతా దీని మీదే నిలబడుతుంది. ఒక్క సీసా చాలదు. వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు తీయాలి, ఒకటి పైపులోంచి, ఇంకొకటి చేతి నరంలోంచి. ఒక్కో సీసాలోకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పోవాలి. రెండు చుక్కలు వేస్తే ఉన్న సూక్ష్మజీవి కూడా దొరకదు. పైపు మూత తీశాక దాని మూతిని మందుతో బాగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడే రక్తం లాగాలి. లేకపోతే మూతి మీద మురికే రిపోర్టులో కనిపిస్తుంది. రెండు సీసాలనూ ఒకే సమయంలో ల్యాబ్ మిషన్‌లో పెడితే, పైపులోంచి తీసింది చేతిలోంచి తీసినదానికంటే కనీసం 2 గంటలు ముందు పాజిటివ్ అయితే మూలం పైపేనని చెప్పొచ్చు.

ఇక్కడ డయాలసిస్ రోగులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చేతి నరాలు వాళ్లకు ఆస్తి. రేపు ఫిస్టులా చేయాల్సింది వాటితోనే. కాబట్టి మోచేతి దగ్గరో, ముంజేతిలోనో పదేపదే పొడవనివ్వొద్దు. అరచేతి వెనక వైపు నుంచి తీయమనండి. అక్కడా దొరక్కపోతే, డయాలసిస్ నడుస్తుండగా మిషన్ గొట్టంలోంచి తీసిన రక్తాన్ని రెండో సెట్‌గా పంపొచ్చు. అలా తీసినప్పుడు 2 గంటల తేడా లెక్క పనిచేయదు, కానీ ఇంకెక్కడా ఇన్ఫెక్షన్ కనిపించని రోగిలో ఆ కల్చర్ పాజిటివ్ వస్తే వైద్యం మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. చాలా సూక్ష్మజీవులు మొదటి రెండు రోజుల్లోనే బయటపడతాయి. ఏమీ పెరగలేదని తేల్చడానికి సాధారణంగా 5 రోజులు చూస్తారు.

కొందరు తెల్లకణాల సంఖ్య, సీఆర్‌పీ లాంటి రక్తపరీక్షలు చూసి ‘నార్మల్‌గానే ఉంది’ అని పంపించేస్తుంటారు. అవి నార్మల్‌గా ఉన్నంత మాత్రాన పైపు ఇన్ఫెక్షన్ లేదని కాదు. ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష అయితే కిడ్నీ రోగుల్లో ఇన్ఫెక్షన్ లేకపోయినా కొంత ఎక్కువే ఉండొచ్చు. ఇవన్నీ పక్క సాక్ష్యాలు. తీసేసిన పైపు కొసను కల్చర్‌కు పంపడం కూడా రక్తం కల్చర్ లేకుండా ఒంటరిగా ఏమీ చెప్పదు.

వణుకుకు పైపు ఒక్కటే కారణమని నేనూ గుడ్డిగా అనడం లేదు. మూత్రంలో, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, షుగరు రోగికి కాలి పుండు, మన ఊళ్లో వానాకాలమైతే మలేరియా, డెంగీ, ఇవన్నీ డాక్టరు చూడాలి. నాన్నగారి పాదాలు, వేళ్ల సందులు మీరు కూడా ఇంట్లో ఒకసారి వెలుతురులో చూడండి. ఇంకో విషయం తప్పకుండా కనుక్కోండి: అదే షిఫ్టులో పక్క బెడ్ల వాళ్లకూ వణుకు వస్తోందా? ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి వస్తే డయాలసిస్ నీళ్లలోనో, ఆర్‌ఓ ప్లాంటులోనో, వాడే ద్రావణంలోనో తేడా ఉండొచ్చు. అప్పుడు అది మీ నాన్న ఒక్కరి సమస్య కాదు. సెంటర్ నీళ్లను పరీక్షించాలి, రోగులందరినీ చూడాలి. అడగడానికి మొహమాటపడకండి.

మందు విషయానికొస్తే, కల్చర్ తీశాక రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే ఇంజెక్షన్ యాంటీబయాటిక్‌లు మొదలుపెడతారు. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతిని దృష్టిలో పెట్టుకుని వాంకోమైసిన్ లాంటిది ఒకటి, క్లెబ్సియెల్లా, ఈ కొలై, సూడోమొనాస్ లాంటివాటి కోసం ఇంకొకటి. మన దేశంలో ఈ రెండో గుంపు తక్కువేమీ కాదు, మామూలు మందులకు లొంగనివీ ఎక్కువ. అందుకే రిపోర్టు వచ్చాక ఏ సూక్ష్మజీవో, ఏ మందుకు లొంగుతుందో చూసి సరైన దానికి మార్చాలి. మందులకు సులువుగా లొంగే మామూలు రకం స్టెఫైలోకాకస్ ఆరియస్ అని తేలితే వాంకోమైసిన్ కంటే సెఫజోలిన్ బాగా పనిచేస్తుంది, ఖరీదూ తక్కువే. రిపోర్టు వచ్చిన తర్వాత కూడా ‘మొదలుపెట్టిన మందే కానివ్వండి’ అంటే, రిపోర్టు ప్రకారం మార్చాలా అని వినయంగానే ఒకసారి అడగండి.

ఈ మందుల్లో చాలావాటిని డయాలసిస్ చివర్లోనో అయిపోయాకనో మిషన్ ద్వారానే ఇవ్వొచ్చు. వాంకోమైసిన్, సెఫజోలిన్, సెఫ్టాజిడిమ్ అలా ఇవ్వదగ్గవే. దీనివల్ల రోజూ చేతికి సూది గుచ్చాల్సిన పని తప్పుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించి ‘రోజుకు రెండుసార్లు మీ ఇంటి దగ్గర ఇంజెక్షన్ చేయించుకోండి’ అని రాస్తే, డయాలసిస్‌తో పాటు ఇచ్చే వీలున్న మందేదైనా ఉందా అని అడగండి. చేతికి కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి వారాల తరబడి ఉంచితే నరాలు మూసుకుపోతాయి. జెంటామైసిన్, అమికాసిన్ జాతి మందు ఎక్కువ రోజులు వాడాల్సి వస్తే, చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, నడకలో తూలు ఉన్నాయేమో గమనించి వెంటనే చెప్పండి.

ఇక మిమ్మల్ని ఎక్కువగా సతాయిస్తున్న ప్రశ్న: పైపు తీయాలా, వద్దా? మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరి మాట నిజమో కల్చర్ రిపోర్టు, నాన్నగారి పరిస్థితి చూడకుండా ఎవరూ చెప్పలేరు. అయితే కొన్ని సందర్భాల్లో తర్జనభర్జన ఉండదు. బీపీ పడిపోయి మనిషి విషమంగా ఉన్నా, చర్మం కింద సొరంగంలో చీము ఉన్నా, సరైన మందు పడ్డాక కూడా రెండు మూడు రోజులకు జ్వరం, వణుకు తగ్గకపోయినా, గుండెకో వెన్నుకో ఇన్ఫెక్షన్ పాకినా పైపు తీసేయాల్సిందే. రిపోర్టులో స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమొనాస్, లేదా క్యాండిడా అనే ఫంగస్ వచ్చినా తీయడమే మంచిది. ఈ మూడూ పైపును పట్టుకుంటే మందుతో వదిలించడం కష్టం. ఉంచి చూద్దామని రోజులు గడిపిన కొద్దీ ప్రాణం మీదికి వస్తుంది.

అలా కాక, చర్మం మీద మామూలుగా ఉండే మెతక రకం స్టెఫైలోకాకస్ వచ్చి, రెండు మూడు రోజుల్లో వణుకు పూర్తిగా తగ్గిపోయి, సొరంగం బాగుంటే రెండు దారులున్నాయి. పాత పైపులోంచి సన్నని తీగ పంపి, దాని మీదుగా అదే నరంలో కొత్త పైపు మార్చడం ఒకటి. రెండోది, పైపు ఉంచి, రక్తంలోకి యాంటీబయాటిక్ ఇస్తూనే, ప్రతి సెషన్ అయ్యాక పైపు లోపల కూడా యాంటీబయాటిక్ కలిపిన హెపారిన్ నింపి ఉంచడం. దీన్నే లాక్ అంటారు. మందు లోపలి పొర మీద గంటల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. లాక్ ఒక్కటే చాలదు, ఇంజెక్షన్ యాంటీబయాటిక్ కూడా ఉండాలి. మీ నాన్నగారి విషయంలో పది రోజులుగా వణుకు నడుస్తోంది, ఒక కోర్సు బిళ్లలు అయ్యాక తిరగబెట్టింది, షుగరుంది. ఆ పైపును కాపాడుకోవాలన్న పట్టుదల ఎక్కువ పెట్టుకోకండని నా సలహా.

పూర్తిగా తీసేయాల్సి వస్తే, వీలైనంతవరకు రెండు మూడు రోజులు ఏ పైపూ లేకుండా ఉంచి, రక్తం కల్చర్ శుభ్రంగా వచ్చాక కొత్త పర్మ్‌క్యాత్ వేస్తారు. ఆ రోజుల్లో నీళ్లు, ఉప్పు, పండ్లు, కొబ్బరినీళ్ల విషయంలో నాన్నగారిని చాలా కట్టడిగా ఉంచాలి, పొటాషియం పెరిగితే గుండెకు ముప్పు. మధ్యలో డయాలసిస్ తప్పనిసరైతే తాత్కాలిక పైపు వేస్తారు. తొడ దగ్గర వేసిన తాత్కాలిక పైపును కొద్ది రోజులకు మించి, మెడలోదాన్ని రెండు వారాలకు మించి ఉంచకూడదు. ‘పనిచేస్తోంది కదా’ అని తాత్కాలిక పైపుతో నెలలు నెట్టుకొచ్చేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. వాటికి చర్మం కింద సొరంగం ఉండదు, కణజాలానికి పట్టు దొరికే పట్టీ ఉండదు. బయటి సూక్ష్మజీవికి దారి సూటిగా ఉంటుంది.

యాంటీబయాటిక్ ఎన్నాళ్లన్నది సూక్ష్మజీవిని బట్టి మారుతుంది. పైపు మార్చి, రోగి త్వరగా కోలుకుంటే చాలావాటికి 7 నుంచి 14 రోజులు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు. వెన్నుపూసకు పాకితే 6 నుంచి 8 వారాలు. వణుకు తగ్గగానే ‘బాగైపోయింది’ అని మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొస్తారు, ఈసారి మందుకు లొంగని రకంతో. స్టెఫైలోకాకస్ ఆరియస్ అని వస్తే గుండెకు ఎకో (గుండె స్కానింగ్) తప్పకుండా చేయించండి. మామూలు ఎకోలో కనిపించకపోయినా అనుమానముంటే గొంతులోంచి చేసే ఎకో కావాలంటారు, భయపడకుండా ఒప్పుకోండి. ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో కొత్తగా నడుము నొప్పి వచ్చినా, ఏదైనా కీలు వాచినా వయసు నొప్పులని వదిలేయకండి. ‘నాకు ఫలానా నెలలో పైపు ఇన్ఫెక్షన్ వచ్చింది’ అని చెప్పి స్కాన్ గురించి అడగాలి.

ఖర్చు గురించి మీరు మొహమాటంగా రాశారు, కానీ అది చిన్న విషయం కాదు. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉంది. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇన్ఫెక్షన్ వైద్యానికి, పైపుకు, ఫిస్టులాకు మీ కార్డు మీద ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను చేర్చుకునే ముందే అడగండి, ఆ తర్వాత అడిగితే చిక్కులు వస్తాయి. పైపు మార్చకుండా మిగిల్చిన డబ్బు, ఇన్ఫెక్షన్ ముదిరి ఐసీయూలో పెట్టాల్సి వస్తే ఒక్క రోజుకు కూడా రాకపోవచ్చు.

సెంటర్‌లో మీరు కళ్లారా చూడాల్సినవి కొన్నున్నాయి. పైపు మూత తెరిచేటప్పుడు, మూసేటప్పుడు టెక్నీషియన్‌కూ నాన్నగారికీ ఇద్దరికీ మాస్కు ఉండాలి, నాన్నగారి ముఖం పైపుకు అవతలివైపు తిప్పి ఉండాలి. ముక్కులో స్టెఫైలోకాకస్ మోసేవాళ్లు చాలామంది ఉంటారు, ఒక్క తుమ్ము చాలు. చేతులు కడిగి కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. పక్క బెడ్‌లో మిషన్ అలారం నొక్కి వచ్చిన అవే గ్లవ్స్‌తో పైపును తాకడం నేను తరచూ చూసే తప్పు. మూత తీశాక మూతిని మందుతో రుద్దాలి, ఊరికే తుడిస్తే చాలదు. చర్మానికి స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ మంచిది, అది పడనివాళ్లకు పోవిడోన్ అయొడిన్. రెండూ పూశాక ఆరనివ్వాలి, తడి మీదే పట్టీ అతికిస్తే మందు పనిచేయదు, చర్మమూ పాడవుతుంది. ఇవి అడిగితే సిబ్బంది చిన్నబుచ్చుకుంటారని మీకు జంకు ఉండొచ్చు. ‘అన్నా, నాన్నకు ఇప్పటికే ఇన్ఫెక్షన్ వచ్చింది, కొంచెం గ్లవ్స్ మార్చవా’ అంటే ఎవరూ కాదనరు. ఒక్కొక్కరు ఎన్నో బెడ్లు చూసుకోవాల్సిన సెంటర్లలో వాళ్ల కష్టమూ నాకు తెలుసు. అయినా ఈ పని దగ్గర తొందర పనికిరాదు.

ఇంకొకటి. ఆ పైపు డయాలసిస్‌కు మాత్రమే. జ్వరమొచ్చి వేరే ఆసుపత్రికి వెళ్తే, నరం దొరకలేదని దానిలోంచి గ్లూకోజు ఎక్కించడం, రోజూ రక్తం తీయడం చేయనివ్వకండి. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తప్ప, డయాలసిస్ తెలిసినవాళ్లు కానివాళ్లు దాని మూత తెరవకూడదు.

ఇంట్లో జాగ్రత్తలు మీకు చాలావరకు తెలిసే ఉంటాయి. పట్టీ తడవకూడదు. మెడ కింది వరకు గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడుచుకోవాలి, తల విడిగా వెనక్కి వంచి కడగాలి. ఉగాదికైనా, బోనాలకైనా షవర్ కింద తలస్నానం వద్దు. ఎండాకాలంలో చెమటకు పట్టీ అంచులు లేస్తే తర్వాతి సెషన్ దాకా ఆగకుండా మార్పించండి. పసుపు, కొబ్బరినూనె, యాంటీబయాటిక్ పౌడరు, ఏదీ మీ అంతట మీరు ఆ రంధ్రం దగ్గర వేయకండి. ప్రేమతోనే పసుపు పెడతారు, కానీ వంటింటి పసుపులో సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. గడ్డం గీసేటప్పుడు బ్లేడు, కత్తెర పైపు దరిదాపుల్లోకి రాకూడదు. ముందు గుండీలున్న చొక్కాలు వేయండి, తల మీంచి లాగే బనియన్లు పైపును లాగేస్తాయి. ఎప్పుడైనా మూత ఊడిపోతే పైపు క్లాంపు బిగించి ఉందో లేదో చూసి వెంటనే సెంటర్‌కు వెళ్లండి. పైపే ఊడి వచ్చేస్తే శుభ్రమైన గుడ్డతో ఆ రంధ్రాన్నీ, దాని పైన మెడ దగ్గర నరంలోకి వెళ్లే చోటునూ గట్టిగా అదిమి పట్టి, పడుకోబెట్టి 108ని పిలవండి.

చివరగా ఫిస్టులా. చేయి పడిపోతుందన్న భయం నాన్నగారి ఒక్కరిదే కాదు, నా దగ్గరికొచ్చే ప్రతి ఇంట్లోనూ వింటాను. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం ఈ ఆపరేషన్‌ను ప్రచురించింది. అప్పటి నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరకు కలిపే చిన్న ఆపరేషన్, చాలామందికి అక్కడి మటుకు మత్తిచ్చి చేస్తారు. ఆ చేత్తో ఆయన అన్నం కలుపుకోవచ్చు, సంతకం పెట్టొచ్చు, మనవళ్లను ఎత్తుకోవచ్చు. చేయి చల్లబడటం, వేళ్లు తిమ్మిరెక్కడం కొద్దిమందిలో, ముఖ్యంగా షుగరు రోగుల్లో జరుగుతుంది, దాన్ని ముందే పట్టుకుంటే సరిచేసే దారులున్నాయి. ఒంట్లో ప్లాస్టిక్ పైపు ఉండదు కాబట్టి రక్తం ఇన్ఫెక్షన్ ముప్పు ఫిస్టులాకు పైపు కంటే చాలా తక్కువ. నాన్నగారికి ఈ ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గి, కల్చర్ శుభ్రంగా వచ్చాక రెండు చేతులకూ డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్) చేయించండి. నరాలు బాగుంటే వెంటనే ఫిస్టులా పెట్టించండి, అది వాడకానికి రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది కాబట్టి అంతవరకూ పైపు తప్పదు. ఇప్పటి నుంచే ఎడమ చేతిని, ఆయన ఎడమచేతి వాటమైతే కుడి చేతిని, ఎవరినీ ముట్టుకోనివ్వకండి. బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం తీయొద్దు, కాన్యులా పెట్టొద్దు. నరాలు బాగోలేవంటే గ్రాఫ్ట్ (రక్తనాళాలను కలపడానికి చర్మం కింద పెట్టే కృత్రిమ గొట్టం) గురించి, లేదా ఇంట్లోనే కడుపులో ద్రావణం ఎక్కించి చేసుకునే సీఏపీడీ గురించి డాక్టరును అడగండి.

మీ సెంటర్‌లో ఫిస్టులా ఉన్న రోగి ఎవరైనా ఉంటే, ఒకసారి నాన్నగారిని ఆయన పక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. చేయి ముట్టుకుంటే లోపల రక్తం జుమ్మని తగులుతుంది. నేను ఎంత చెప్పినా రాని ధైర్యం ఆయనకు ఆ చేతిని పట్టుకున్నప్పుడు రావచ్చు. కానీ ముందు ఈరోజే కల్చర్. రిపోర్టు చేతికొచ్చాక, ఏ సూక్ష్మజీవి, ఏ మందులకు లొంగుతోంది, పైపు ఏం చేద్దామన్నారు అన్నవి రాసి పంపండి, మళ్లీ జవాబిస్తాను.